‘ఇమ్రోజ్’ సంపాదకుడు.. మానుకోట బిడ్డ షోయబుల్లా ఖాన్

ఆగస్టు 22 వర్ధంతి సందర్భంగా..

టేకులపల్లి: పత్రిక మొదటి పుటలో దేనికి చోటు దొరికితే అదే రచ్చబండ మీద చర్చ అవుతుంది. ఆ చర్చకే సర్కారు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. చోటు దొరకని కష్టం ఎంత పెద్దదైనా లెక్కలోకి రాదు. నైజాం రాజ్యం చివరి రోజుల్లో ఈ సంగతిని బాగా ఎరిగి, ఒక చిన్న ఉర్దూ దినపత్రికను తొమ్మిది నెలల పాటు నడిపిన సంపాదకుడు షోయబుల్లా ఖాన్. 1948 ఆగస్టు 22 తెల్లవారుజామున, 28వ ఏట ఆయన అసువులు బాశారు. తుపాకీ పట్టినవాడు కాదు, దళం నడిపినవాడు కాదు. రాజ్యం మాట్లాడవద్దన్న విషయాన్ని రాజ్యం చదివే భాషలోనే అచ్చు వేయడం ఆయన చేసిన నేరం. టేకులపల్లికి పడమటి దిక్కున, ఆనాడు ఇదే వరంగల్ జిల్లాలో అంతర్భాగమైన మానుకోట తాలూకా ఆయన జన్మస్థలం.

అడవికి అందని పత్రిక

నేడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మండల కేంద్రమైన టేకులపల్లి ఆనాడు ఇల్లందు ప్రాంతపు అడవి పల్లె. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడే వరకు ఈ సీమ అంతా వరంగల్ జిల్లాయే. గోదావరి ఆవలి భద్రాచలం మాత్రం బ్రిటిష్ వారి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అడవి ఒకటే అయినా పాలకులు ఇద్దరు. ఆవలి రాష్ట్రంలో వెలువడే తెలుగు పత్రికలను నైజాం సర్కారు అనుమానంతో చూసేది. నచ్చని రాతలు కనిపిస్తే రాజ్యంలోకి రానివ్వకుండా నిషేధించేది.

ఇల్లందులో 1889 నుంచి బొగ్గు తవ్వకాలు సాగుతున్నందున అక్కడి వరకు రైలు వచ్చింది. అయితే రైలు మోసుకొచ్చే పట్నం కాగితం బొగ్గుట్ట దాటి కోయగూడేల దాకా రావడం అరుదు. వచ్చినా చదివే వారేరీ? 1951 జనాభా లెక్కల నాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో చదవను రాయను వచ్చినవారు నూటికి పది మందికి లోపే. రాజభాష ఉర్దూ కావడంతో పటేల్, పట్వారీ, జంగలాత్ ఉద్యోగి చదివి చెప్పిందే వార్త, వారు దాచిందే రహస్యం. వెట్టిచాకిరీ, లెవీ ధాన్యం, చేజారుతున్న కోయల భూములు పల్లెకు నిత్యానుభవాలే అయినా పట్నంలో అవి వార్తలు కాలేదు. 1940లో ఆసిఫాబాద్ అడవుల్లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత గాని గోండుల స్థితిగతులు తెలుసుకుని రమ్మని హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను నైజాం ప్రభుత్వం నియమించలేదు. పత్రికలు చేయవలసిన పని తుపాకీ మోత చేయవలసి వచ్చిందన్నమాట. షోయబుల్లా ఖాన్ జీవితాన్ని ఈ నేపథ్యంలో చూస్తే గాని ఆయన తలకెత్తుకున్న పని బరువు అర్థం కాదు.

రైలు దారి పక్కన

షోయబుల్లా 1920 అక్టోబరు 17న మానుకోట తాలూకా సుబ్రవేడులో జన్మించారు. తండ్రి హబీబుల్లా ఖాన్ రైల్వే పోలీసు శాఖలో ఉద్యోగి. గాంధీ మహాత్ముడు రైలులో ఈ మార్గాన వెళుతుండగా విధుల్లో ఉన్న తండ్రి ఆయనను దర్శించారని, ఇల్లు చేరేసరికి కొడుకు పుట్టిన కబురు వినిపించిందని, పసివాడిలో మహాత్ముని పోలికలు చూసుకుని షోయబుల్లా గాంధీ అని ముద్దుగా పిలుచుకున్నారని ఒక ముచ్చట ఈ ప్రాంతంలో నేటికీ చెప్పుకుంటారు. పుట్టినరోజుల లెక్క ఎలా ఉన్నా, పోలీసు ఉద్యోగి ఇంట గాంధీ పేరు పలికిందన్నదే ఆ ముచ్చటలో గమనించదగిన సంగతి.

మానుకోట తాలూకాకు పత్రికల వాసన కొత్త కాదు. అదే తాలూకాలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 1922లో ‘తెనుగు పత్రిక’ వెలువరించారు. నగరానికి దూరంగా ఒక పల్లెలో ముద్రణాలయం పెట్టి వారపత్రిక నడపడం నేటి వారికి కూడా సాహసంగానే కనిపిస్తుంది. అప్పటికి షోయబుల్లా రెండేళ్ల పసివాడు.

ఉన్నత విద్య కోసం హైదరాబాద్ చేరిన షోయబుల్లా ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. ఉర్దూ మాధ్యమంలో చదివిన ముస్లిం పట్టభద్రుడికి ఆ రాజ్యంలో కొలువు దొరకడం కష్టం కాదు. తహశీలు కచేరీలోనో, కొత్వాలీలోనో కుర్చీ వేసుకుని కూర్చుంటే జీవితం గడిచిపోయేది. ఆయన ఆ దారి కాదని పత్రికా కార్యాలయం మెట్లెక్కారు.

ఒకటి మూతపడితే మరొకటి

మొదట ‘తేజ్’ అనే ఉర్దూ వారపత్రికలో ఉపసంపాదకులుగా చేరారు. ప్రభుత్వ విధానాలను, రజాకార్ల ఆగడాలను నిలదీసినందుకు ఆ పత్రికను సర్కారు నిషేధించింది. అనంతరం మందుముల నరసింగరావు నడుపుతున్న ‘రయ్యత్’లో చేరారు. రయ్యత్ అంటే రైతు, ప్రజ. పేరుకు తగినట్టే అది సామాన్యుల పక్షాన నిలిచిన పత్రిక. అదీ నిషేధానికి గురైంది. రెండుసార్లు పని చేస్తున్న పత్రిక మూతపడితే మూడోసారి మరో వృత్తి వెతుక్కోవడం లోకరీతి. షోయబుల్లా సొంతంగా పత్రిక పెట్టాలని నిశ్చయించుకున్నారు.

అప్పటి రాజకీయ వాతావరణం వేరు. బ్రిటిష్ వారు వెళ్లిపోతున్న వేళ, 1947 జూన్‌లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తమ రాజ్యం ఇటు భారతదేశంలోనూ అటు పాకిస్తాన్‌లోనూ చేరబోదని ప్రకటించారు. ఆగస్టు 7న స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో స్టేట్ కాంగ్రెస్ విలీన ఉద్యమానికి దిగింది. కాశీం రజ్వీ సారథ్యంలోని రజాకార్ల దళాలు పల్లెలపై పడ్డాయి. వరంగల్, నల్లగొండ జిల్లాల్లో కమ్యూనిస్టుల నాయకత్వాన రైతాంగ సాయుధ పోరాటం అప్పటికే సాగుతోంది.

ఈ కల్లోలంలో నగరంలోని పత్రికల మొదటి పుటలు దేనితో నిండాయన్నది కీలకం. ‘రహబరే దక్కన్’ వంటి సర్కారు అనుకూల పత్రికలు, దక్కన్ రేడియో కలిసి ఆజాద్ హైదరాబాద్ అన్న ఒక్క నినాదాన్నే జనం చెవిలో ఊదాయి. చర్చ అంతా హైదరాబాద్ స్వతంత్ర రాజ్యమా కాదా అన్న దాని చుట్టూ తిరగాలన్నది పాలకుల కోరిక. రాజ్యాంగ సూక్ష్మాలు, సంధి షరతులు, ఢిల్లీతో రాయబారాలు అందులోకి వస్తాయి. తగలబడిన గుడిసె, ఎత్తుకుపోయిన ధాన్యం, చెట్టుకు కట్టి కొట్టిన పాలేరు రారు.

తొమ్మిది నెలల దినపత్రిక

1947 నవంబరు 15న ‘ఇమ్రోజ్’ తొలి సంచిక వెలువడింది. ఇమ్రోజ్ అంటే ‘ఈ రోజు’ అని అర్థం. పెట్టుబడికి తల్లి నగలు, భార్య నగలు అమ్మవలసి వచ్చింది. బూర్గుల రామకృష్ణారావు అండగా నిలిచారు. పత్రిక పుట్టిన రెండు వారాలకే, నవంబరు 29న, నిజాంకు భారత ప్రభుత్వానికి మధ్య యథాతథ ఒడంబడిక కుదిరింది. ఒడంబడిక ఏడాది కాలానికి. ఆ ఏడాదిలో ఏమి జరగాలన్న దానిపైనే ఇమ్రోజ్ దృష్టి నిలిపింది.

ప్రశ్నను మార్చడం షోయబుల్లా చేసిన మొదటి పని. రాజ్యం స్వతంత్రమా కాదా అని సర్కారు పత్రికలు అడుగుతుంటే, ఆ రాజ్యంలో మనిషి ప్రాణానికి, ఇంటికి, పంటకు భద్రత ఉందా లేదా అని ఇమ్రోజ్ అడిగింది. మొదటి ప్రశ్నకు నిజాం వద్ద న్యాయవాదులు సిద్ధంగా ఉన్నారు. రెండో ప్రశ్నకు జవాబు లేదు. 1948 జనవరి చివర ఆయన రాసిన సంపాదకీయం, పగలు ఒక ప్రభుత్వం రాత్రి మరో ప్రభుత్వం నడుస్తున్న తీరును ఎత్తిచూపింది. రజాకార్ల దోపిడీలు, గృహదహనాలు ఆ పత్రికలో చోటు చేసుకున్నాయి. బాధ్యతాయుత ప్రభుత్వం ఏర్పడాలని, భారత యూనియన్‌లో విలీనం కావడమే హిందూ ముస్లిం ప్రజలందరికీ శ్రేయస్కరమని ఆయన నిస్సంకోచంగా రాశారు.

ఈ మాటలు అంతకు ముందు ఎవరూ అనలేదా అంటే అన్నారు. 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక తెలుగువారి కష్టసుఖాలను ఏళ్ల తరబడి రాస్తూనే వచ్చింది. విజయవాడ, మద్రాసు పత్రికలూ రాశాయి. అయితే తెలుగులో రాసింది తెలుగువారికే చేరింది. కష్టం అనుభవిస్తున్నవారికి కష్టం గురించి కొత్తగా చెప్పేదేముంది? సరిహద్దు ఆవలి పత్రికల రాతలను శత్రువుల ప్రచారమని కొట్టిపారేయడం సర్కారుకు సులువు. ఇమ్రోజ్ చదువరులు వేరు. కచేరీ గుమస్తా, వకీలు, కొత్వాలీ జమేదారు, విశ్వవిద్యాలయ విద్యార్థి, జాగీర్దారు ఇంటి పెద్ద ఉర్దూ చదివేవారు. రాజ్యాన్ని నడిపే చేతులన్నీ ఆ భాషలోనే పని చేసేవి. పైగా రాస్తున్నవాడు ముస్లిం. అతణ్ని మతద్వేషి అనడానికి వీలు లేదు, పరాయివాడని తోసిపుచ్చడానికీ వీలు లేదు. రజాకార్లకు తెలుగు పత్రికలకన్నా ఈ చిన్న ఉర్దూ కాగితం పైనే కక్ష పెరగడానికి కారణం ఇదే కావచ్చు.

ఏ వార్తకు ఎంత విలువ అన్నది ఆ రోజుల్లోనూ న్యాయంగా తేలలేదు. 1948 మే 22న గంగాపూర్ స్టేషన్‌లో మద్రాసు–బొంబాయి మెయిల్‌పై దాడి జరిగితే దేశమంతా అట్టుడికింది. మెయిలు బండిలో ప్రయాణించేది నగరవాసులు, పత్రికలు చదివేవారు. అంతకు ముందూ తర్వాతా అడవి అంచు పల్లెల్లో కాలిపోయిన ఇళ్లకు ఆ గౌరవం దక్కలేదు. భారత ప్రభుత్వం ఆ ఏడాది హైదరాబాద్‌పై శ్వేతపత్రం ప్రచురించి రజాకార్ల దాడులను నమోదు చేసిన తర్వాత గాని పల్లెల గోడు ఢిల్లీ లెక్కల్లోకి ఎక్కలేదు. ఆ లెక్కలు రాజ్యం లోపల, ఉర్దూలో, ప్రాణాలకు తెగించి రాసిన కొద్దిమందిలో షోయబుల్లా ఒకరు.

బెదిరింపు లేఖలు మొదలయ్యాయి. జాగ్రత్తగా ఉండమని మిత్రులు హెచ్చరించారు. పత్రిక ఆగలేదు.

1948 ఆగస్టు

ఆగస్టు నెలలో ఏడుగురు ముస్లిం ప్రముఖులు ఒక ప్రకటనపై సంతకాలు చేశారు. రజాకార్ల అకృత్యాలకు మనస్తాపం చెంది రెవెన్యూ ఉద్యోగాన్ని వదులుకున్న ఫరీద్ మీర్జా, బాకర్ అలీ మీర్జా, మంజూర్ యార్ జంగ్ వారిలో ఉన్నారు. రజాకార్ల దళాలను రద్దు చేయాలని, హైదరాబాద్ భారత యూనియన్‌లో చేరాలని ఆ ప్రకటన సారాంశం. ఇమ్రోజ్ దానిని ప్రచురించింది. ముస్లింలందరూ తమ వెనుకే ఉన్నారన్న రజ్వీ వాదానికి ఇంతకన్నా గట్టి దెబ్బ మరొకటి లేదు. ఆ వాదమే రజాకార్ల బలం, ఆ వాదమే నిజాం రాయబారుల పెట్టుబడి.

ఆగస్టు 19న నగరంలోని జమ్రుద్ మహల్‌లో జరిగిన సభలో కాశీం రజ్వీ ఆగ్రహంతో ఊగిపోయాడు. తమకు వ్యతిరేకంగా లేచే చేతులను నరికివేయాలని బాహాటంగా పిలుపునిచ్చాడు. రాసే చేయి ఎవరిదో సభలో ఉన్నవారికి విడమరచి చెప్పనక్కర లేకపోయింది.

రెండు రోజులు గడిచాయి. ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి తంతి పంపింది. భారతదేశం తమను బెదిరిస్తున్నదని, తమ వివాదాన్ని ప్రపంచం పట్టించుకోవాలని ఆ తంతిలో కోరింది. ప్రపంచం ముందు ఏ ప్రశ్న ఉండాలో నిర్ణయించుకునే చివరి ప్రయత్నం అది. అదే రాత్రి షోయబుల్లా ఇమ్రోజ్ కార్యాలయంలో పని ముగించుకుని బావమరిది ఇస్మాయిల్ ఖాన్‌తో కలిసి కాచిగూడ ప్రాంతంలో ఇంటికి నడిచి వెళుతున్నారు. లింగంపల్లి చౌరస్తా సమీపంలో దుండగులు చుట్టుముట్టారు. తుపాకీతో కాల్చారు. చేయి నరికారు. అడ్డుపడిన ఇస్మాయిల్ ఖాన్ చేయి కూడా తెగిపోయింది. ఆస్పత్రికి తరలించినా ఫలితం లేకపోయింది. తెల్లవారేలోగా షోయబుల్లా కన్నుమూశారు.

ఒకే రోజున ఒకే ప్రభుత్వపు రెండు ముఖాలు అలా బయటపడ్డాయి. తాము బాధితులమని బయటి ప్రపంచానికి చెప్పుకుంటున్న రాజ్యంలో, రాజధాని నడిబొడ్డున, సొంత మతానికి చెందిన సంపాదకుడికే రక్షణ లేకపోయింది. షోయబుల్లా రాసిన సంపాదకీయాలకన్నా ఆయన మరణం ఎక్కువ దూరం వెళ్లింది. రజాకార్ల హింస హిందూ ముస్లిం తగాదా కాదని, ఎదురు చెప్పిన ఎవరినైనా నరికే నియంతృత్వమని దేశానికి తెలిసివచ్చింది. ఐదు రోజులకే, ఆగస్టు 27న, బైరాన్‌పల్లిలో పదుల సంఖ్యలో గ్రామస్తులు రజాకార్ల చేతిలో హతులయ్యారు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటన, అదే దక్కన్ రేడియోలో, ఆయన నోటనే వెలువడింది.

ఇమ్రోజ్ రాతల వల్లే సైన్యం వచ్చిందనడం అతిశయోక్తి. సర్దార్ పటేల్ ఆలోచనలు వేరు, ఢిల్లీ లెక్కలు వేరు. వర్ధంతి సభల్లో ఆవేశంలో అలా అనడం పరిపాటే గాని, ఆయన చేసిన మేలు అంతకన్నా సూక్ష్మమైనది. విలీనం కోరేవారంతా ఒకే మతం వారన్న అబద్ధం నిలవకుండా చేశారు. ఆ అబద్ధం నిలిచి ఉంటే తర్వాతి రోజులు మరింత భయంకరంగా ఉండేవి.

అచ్చు కాని వార్తలు

భయంకరం కాలేదని కాదు. పోలీసు చర్య తర్వాత మరఠ్వాడా తదితర జిల్లాల్లో ముస్లింలపై పెద్ద ఎత్తున హింస జరిగింది. విచారణకు కేంద్రం పంపిన పండిత సుందర్‌లాల్ బృందంలో ‘పయాం’ ఉర్దూ పత్రిక వ్యవస్థాపకులు కాజీ అబ్దుల్ గఫార్ సభ్యులు. మృతుల సంఖ్య 27 వేల నుంచి 40 వేల మధ్య ఉంటుందని ఆ బృందం అంచనా వేసింది. ఆ నివేదిక వెలుగు చూడలేదు. 2013లో గాని అది సాధారణ చదువరులకు అందుబాటులోకి రాలేదు. ఒక సంపాదకుడు స్వయంగా తిరిగి చూసి రాసిన కబురు ఆరు దశాబ్దాలకు పైగా కాగితాల కట్టల్లోనే ఉండిపోయింది.

ఇటు గోదావరి అడవుల్లోనూ అదే కథ. రజాకార్లు పోయినా సైన్యం కమ్యూనిస్టుల వేటలో ఉండిపోయింది. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగే వరకు ఈ అడవులకు నిమ్మళం లేదు. దళాలకు తిండి దొరకకుండా చేసేందుకు కోయగూడేలను ఖాళీ చేయించి శిబిరాలకు తరలించిన వైనాన్ని పుచ్చలపల్లి సుందరయ్య తమ పోరాట చరిత్రలో వివరంగా నమోదు చేశారు. పుస్తకం వచ్చేసరికి రెండు దశాబ్దాలు గడిచిపోయాయి. గూడెం వదలి వెళ్లేనాడు ఆ మాట అడగడానికి, సర్కారు చదివే భాషలో రాయడానికి, ఇమ్రోజ్ వంటి కాగితం మిగల్లేదు.

కాశీం రజ్వీ జైలు శిక్ష అనుభవించి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1970లో అక్కడే చనిపోయాడు. షోయబుల్లాకు అండగా నిలిచిన బూర్గుల రామకృష్ణారావు 1952లో హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. షోయబుల్లా ఖాన్‌ను గోషామహల్‌లోని మాలకుంట మసీదు ఆవరణలో ఖననం చేశారు. ఇమ్రోజ్ మళ్లీ వెలువడలేదు.